రంగంలో ఒక రోజు

ఈసారి కబురు పాతదే, 2018 డిసెంబరు నాటిది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

పెళ్ళయిన పదిహేనేళ్ళకి పిల్లలు లేకుండా మొగుడూ పెళ్ళాం నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రావాలంటే ఎంత ప్రాజెక్టు ప్లానింగు కావాలో మీకు చెప్పాలా? ఆఫీసులో ముప్ఫై మంది టీముకి మైగ్రేషను ప్లాను వేసిన దాన్ని, ఈ నాలుగు రోజులకి మాత్రం మూడు నెలలు కుస్తీ పట్టాను. పిల్లలిద్దరినీ విశాఖపట్నంలో అమ్మ దగ్గర దింపాం. వాళ్ళకి వీడ్కోలు చెబుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వాళ్ళు మాత్రం తాతగారి టీవీ రిమోటు ఎక్కడుందని వెతుక్కుంటున్నారు.

మావారి ఓటు థాయ్‌లాండ్ బీచికి. నా ఓటు యాంగాన్‌కి. "యాంగానా? అక్కడేముంది?" అన్నారు. "షాపింగు ఉండదు, మీ క్రెడిట్ కార్డు క్షేమంగా ఉంటుంది" అన్నాను. ఓటింగు అక్కడితో ముగిసింది. అసలు కారణం నేను చెప్పలేదు. ఆ సంగతి తర్వాత.

అరగంట దేశాలు

కలకత్తాలో విమానం ఎక్కితే రెండు గంటలైనా పట్టలేదు. దిగి గడియారం ఒక గంట ముందుకి తిప్పుకున్నాం. మన దేశంలాగే అక్కడా టైముకి చివర ఓ అరగంట తోక ఉంది. మేము దిగిన హోటలు చౌక్తడాలో. యాంగాన్ నగరానికి నడిబొడ్డు ఆ పేట.

మర్నాడు, డిసెంబరు 23, ఆదివారం. పొద్దున్నే రోడ్డెక్కాం. చలి లేదు, ఎండ లేదు, మన సంక్రాంతి ముందు రోజుల్లా హాయిగా ఉంది. మొదటి అరగంటలో మావారు కనిపెట్టిన వింతలు ఇవీ. ఒకటి, కార్లు అమెరికాలోలా రోడ్డుకి కుడివైపు పోతాయి, కానీ స్టీరింగు కూడా కుడివైపే ఉంటుంది. 1970లో ట్రాఫిక్కుని ఎడమ నుంచి కుడికి మార్చేశారట, కార్లేమో జపాన్ నుంచి సెకండ్ హాండువి దిగుమతి అయినవి. రెండు, ఇంత పెద్ద ఊళ్ళో మోటారు సైకిలన్నదే లేదు, నగరంలో నిషేధం. మూడు, షాపుల బోర్డులు. గుండ్రటి అక్షరాలు, దూరం నుంచి చూస్తే అచ్చం తెలుగే. "ఇదిగో, ఇక్కడ 'ం' ఉంది, అక్కడ 'ర' ఉంది" అంటూ చదవడానికి తెగ ప్రయత్నించి, "ఇప్పుడు తెలిసింది, మన పిల్లలకి తెలుగు పుస్తకం ఎలా కనిపిస్తుందో!" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట ఆ సాయంత్రం మళ్ళీ గుర్తొస్తుందని అప్పుడు తెలియదు.

చౌక్తడా వీధులు గళ్ళ కాగితం మీద గీసినట్టు ఉంటాయి. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఊరిని ఆక్రమించాక, మోంట్‌గోమరీ, ఫ్రేజర్ అనే ఇద్దరు అధికారులు సూలే పగోడాని మధ్యలో పెట్టుకుని ఈ గళ్ళు గీశారు. అడ్డంగా పెద్ద రోడ్లు, నిలువుగా నంబర్ల వీధులు. ఒక్కో నంబరు వీధికీ ఎగువ, మధ్య, దిగువ అని మూడు ముక్కలు. మన్‌హట్టన్‌లో పనిచేసిన వాళ్ళు కళ్ళు మూసుకుని తిరగొచ్చు... గుంతలు లేకపోతే!

వీధుల్లో నాకు నచ్చింది తాళ్ళు. నాలుగైదు అంతస్తుల పాత మేడలు, లిఫ్టులు ఉండవు. ప్రతి బాల్కనీ నుంచి కిందిదాకా ఓ సన్నటి తాడు వేలాడుతుంది, చివర ఓ క్లిప్పు. పేపరబ్బాయి పేపరు క్లిప్పుకి తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది, ఇంటావిడ తాడు పైకి లాక్కుంటుంది. ఉత్తరాలూ అంతే. "ఇదే అసలైన అప్‌లోడ్" అన్నారు మావారు.

ఒక కూడలి, మూడు ప్రార్థనలు

సూలే పగోడా ట్రాఫిక్కు మధ్య ద్వీపంలా ఉంటుంది. నూట యాభై అడుగుల ఎత్తు బంగారు గోపురం, ఎనిమిది పలకలు. పగోడాని వాళ్ళు 'జేడీ' అంటారు. మన 'చైత్యం' పాళీలోంచి అక్కడికెళ్ళి అలా అయింది. 'మింగలాబా' అని పలకరిస్తారు, అందులో ఉన్నది మన 'మంగళ'మే. చెప్పులతోపాటు మేజోళ్ళు కూడా విప్పాలి. లోపల చుట్టూ వారానికో స్థానం ఉంటుంది, మీరు పుట్టిన వారం దగ్గరికెళ్ళి విగ్రహానికి నీళ్ళు పోయాలి. నేను పుట్టింది బుధవారం. "పొద్దున్నా, మధ్యాహ్నమా?" అని ఓ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. వాళ్ళకి బుధవారం రెండుట. తెలీక రెండు చోట్లా పోశాను. కన్సల్టెంటుని కదా, బ్యాకప్ ఉండాలి.

బయటికొచ్చి నిలబడితే ఒక్క కూడలి చుట్టూనే పగోడా, బెంగాలీ సున్నీ జామా మసీదు, ఇమ్మాన్యుయేల్ బాప్టిస్టు చర్చి కనబడతాయి. పక్కనే 1936లో పూర్తయిన సిటీ హాలు, బర్మా గుడి శిఖరాల్ని తలకెత్తుకున్న తెల్లటి భవనం. ఎదురుగా మహాబందూల పార్కు, నడుమ స్వాతంత్ర్య స్తూపం. 1948 జనవరి 4న వాళ్ళకి స్వాతంత్ర్యం వచ్చింది. స్తూపానికి అవతల 1911 నాటి ఎర్ర ఇటుకల హైకోర్టు, దానికో గడియారం గోపురం.

ఆ పార్కులో బెంచీ మీద కూర్చున్నప్పుడు మావారు అడిగారు. "ఇప్పుడు చెప్పు. పొద్దుట్నుంచీ హ్యాండ్‌బ్యాగులో ఓ కవరు తీసి చూస్తున్నావు, మళ్ళీ పెడుతున్నావు. ఏమిటది?"

కవరులో ఏముంది

మా అమ్మమ్మ నాన్నగారు 'రంగం' వెళ్ళారు. మీ ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళు ఈ మాట అని ఉంటారు. రంగం అంటే నాటకరంగం కాదర్రా పిల్లలూ, రంగూన్! ఇప్పటి యాంగాన్. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా సముద్రపు ఒడ్డు పల్లెలకి అప్పట్లో అదే అమెరికా. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కితే డెక్కు మీద మూడు నాలుగు రోజుల ప్రయాణం. 1920ల చివర్లో ఏడాదికి మూడు, నాలుగు లక్షల మంది ఇండియా నుంచి రంగూన్ రేవులో దిగేవారు. 1931 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో నూటికి యాభై మందికి పైగా మన దేశస్థులే. రేవులో బస్తాలు మోసిన వాళ్ళూ, బియ్యపు మిల్లుల్లో పనిచేసిన వాళ్ళూ, రిక్షాలు లాగిన వాళ్ళూ ఎక్కువగా తెలుగువాళ్ళే. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. గౌరవంగా అనే మాట కాదు అది.

వాళ్ళని తీసుకెళ్ళేది మేస్త్రీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, ఓడ టిక్కెట్టు కొని, అక్కడ పనిలో పెట్టి, కూలి డబ్బులు తన చేతి మీదుగా ఇస్తూ అందులో తన వాటా తీసుకునేవాడు. అప్పు తీరేదాకా ఇంకో చోటికి వెళ్ళడానికి లేదు. ఇది చదివినప్పుడు నాకు 2000లో నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. నన్ను తెచ్చిన కన్సల్టింగ్ కంపెనీ బిల్లింగులో ఎంత ఉంచుకునేదో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో రాసిన బాండు ఇంకా నా ఫైల్లో ఉంది. పోలిక అక్కడికే ఆపాలనుకోండి. నేను ఏసీ గదిలో కీబోర్డు కొట్టాను, ఆయన వీపు మీద బస్తాలు మోశారు.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పనిలో పెట్టాయి. సమ్మె తీరగానే బర్మా వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న గొడవ మొదలై రోజుల తరబడి ఊరు అట్టుడికింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళు. ఇద్దరు పేదవాళ్ళని ఒకే మెతుకు కోసం నిలబెట్టి పైవాడు తప్పుకున్న కథ ఇది. ఆ గొడవల తర్వాత కూడా మా ముత్తాత "బాగానే ఉన్నాను" అని రాయించిన కార్డు ముక్క ఇంట్లో ఉండేదట.

1941 వానాకాలం దాకా మనియార్డర్లు వచ్చాయి. డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఎన్నడూ చూడని విమానాలు, జనం దాక్కోకుండా వీధుల్లో నిలబడి తలెత్తి చూశారట. క్రిస్మస్ నాడు మళ్ళీ వేశారు. అక్కణ్ణుంచి ఇళ్ళ దారి పట్టిన వాళ్ళు నాలుగైదు లక్షలు. ఓడలు చాలక అరకాన్ కనుమల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకన. దారిలో కలరాకీ ఆకలికీ రాలిపోయిన వాళ్ళు పది వేలకు పైగా ఉంటారు, సరైన లెక్క ఎవరూ కట్టలేదు. మా ముత్తాత ఏ దారిన బయల్దేరారో, అసలు బయల్దేరారో లేదో తెలియదు. కబురు లేదు. కబురు లేదు కాబట్టి మా తాతమ్మ బొట్టు తియ్యలేదు. 1974లో పోయేదాకా ముత్తైదువగానే ఉంది. పేరంటాలకి పిలవాలా వద్దా అని ఊరంతా ముప్ఫైమూడేళ్ళు సందేహపడింది. ఆవిడ మాత్రం పడలేదు.

కవరులో ఉన్నది ఆయన పాత మనియార్డరు కూపను జెరాక్సు. దాని మీద '37వ వీధి, రంగూన్' అని కనబడుతుంది. ఇంటి నంబరు ఉన్నచోట చెదలు తిన్న చిల్లి. అమ్మ ఆ కవరు నా చేతికిచ్చి ఒకే ఒక మాట చెప్పింది. "ఆయన పేరు పైకి చెప్పి నదిలో నాలుగు పువ్వులు వదలవే."

అంతా విని మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"చెబితే బీచి మానుకుని వస్తారు. కానీ నాలుగు రోజులూ త్యాగమూర్తి మొహం పెడతారు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "పదిహేనేళ్ళయింది. ఇంత మాత్రం నమ్మకం లేదా?" అని లేచి నడవడం మొదలుపెట్టారు. తప్పు నాదే. సెలవు మొదటి రోజున, పరాయి ఊళ్ళో, ఆయన పది అడుగులు ముందూ నేను పది అడుగులు వెనకా.

37వ వీధి

పాన్‌సొడాన్ వీధి ఒకప్పుడు రంగూన్‌కి వాల్ స్ట్రీటు. అప్పటి పేరు ఫేర్ స్ట్రీటు. రెండువైపులా బ్యాంకులూ, ఓడ కంపెనీలూ కట్టుకున్న స్తంభాల మేడలు. బాగ్దాదు నుంచి వచ్చిన సోఫేర్ అనే యూదు వ్యాపారి 1906లో కట్టిన మేడ ఇప్పటికీ ఉంది. చివర్న, నది ఒడ్డు రోడ్డు మీద 1901 నాటి స్ట్రాండ్ హోటలు. సింగపూర్ రాఫెల్స్ హోటలు నడిపిన సార్కీస్ అన్నదమ్ములదే ఇదీను. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతున్నారు. మామూలు రోజైతే మావారు అక్కడ రెండు గంటలు కూలబడేవారు. ఆ రోజు ఆగలేదు.

37వ వీధి ఆ పక్కనే. ఇరుకు సందు, అదే తాళ్ళు, అవే బాల్కనీలు, నాచు పట్టిన గోడలు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. ఏం వెతకాలో తెలిస్తే కదా! నంబరు లేని ఇల్లు, ఫోటో లేని మనిషి. చదువుకున్న దాన్నే, డేటాబేసులో కీ లేకుండా రికార్డు దొరకదని పిల్లలకి పాఠాలు చెబుతాను. అయినా ప్రతి గుమ్మం దగ్గరా ఆగాను. రెండోసారి నడుస్తుంటే చూశాను, మావారు ముందు నడుస్తూ ఒక్కొక్క షాపువాడికీ ఆ జెరాక్సు కాగితం చూపించి సైగలతో అడుగుతున్నారు. నా బ్యాగులోంచి ఎప్పుడు తీశారో తెలియదు. అందరూ మర్యాదగా చూసి, తల అడ్డంగా ఊపి, నవ్వి తిరిగిచ్చారు.

అప్పటికి ఒంటిగంట. వీధి మొదట్లో ఒకావిడ మూకుడు పెట్టి ఏవో వేయిస్తోంది. మొహానికి తనకా పూత, లుంగీ, తలకి తువ్వాలు. బర్మా ముసలమ్మే. మూకుడులోకి తొంగిచూసి మావారు తెలుగులో, "ఒసే, ఇవి మన మసాలా వడలే!" అన్నారు. అవును, బర్మాలో వీటిని 'బయాజో' అంటారు, పప్పు వడలే.

ఆవిడ చట్రం ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత అంది:

"ఏ ఊరమ్మా మీది?"

రంగం మామ్మ

ఆ నాలుగు మాటలూ విని నేను బొమ్మలా నిలబడ్డాను. "విశాఖపట్నం మామ్మా" అన్నాను.

"ఇశాపట్నమా! కూకోండమ్మా, నిలబడిపోనారేటి?" అని రెండు ప్లాస్టిక్ ముక్కాలిపీటలు లాగింది. "మా తమ్ముడున్నది అక్కడే. బర్మా కేంపులో."

విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. బస్సు స్టాపు పేరుగా తప్ప దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. 1962లో సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేసి, యాభై, వంద చాట్‌ల నోట్లు రద్దు చేశారు. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. వాళ్ళకోసం వెలిసినవే ఈ బర్మా క్యాంపులూ, కాలనీలూను.

"మా అయ్యది టెక్కలి కాడ. నాను ఇక్కడే పుట్టాను. ఓడలొచ్చినప్పుడు మా అన్నదమ్ములు ఎల్లిపోనారు. నాకప్పటికే పెళ్ళయిపోనాది. ఉండిపోనాను."

అది అచ్చం మా అమ్మమ్మ మాట. నేను హైదరాబాదులో ఎమ్‌సీఏ చదివేటప్పుడు హాస్టల్లో 'ఏటి' అన్నందుకు పది మంది నవ్వితే, ఒక్క సెమిస్టరులో ఆ యాసని శుభ్రంగా కడిగేసుకున్నాను. అమ్మమ్మ ఫోను చేస్తే రూమ్మేట్లకి వినబడకుండా బయటికెళ్ళి మాట్లాడేదాన్ని. ఆవిడ 2006లో పోయింది. మళ్ళీ ఆ మాట నా చెవిన పడింది బంగాళాఖాతం అవతల, వడల మూకుడు పక్కన. నా నోట్లోంచి కూడా అదే యాస ఊడిపడింది. మావారిది గుంటూరు, సగం అర్థం కాక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు.

కాగితం చూపించి ముత్తాత సంగతి చెప్పాను. ఆవిడ చదవలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

"ఎవలు సెప్పగలరమ్మా? మా అయ్య సెప్పీవోడు. ఆ దినం రేవు కాడ పోనోళ్ళని పేర్లడిగినోడు నేడట. బతికినోళ్ళు మటుకు ఒకళ్ళనొకళ్ళు ఊరడుక్కునీవోరట. నీదే ఊరు, నీదే ఊరు అని."

అందుకేనేమో, నన్నూ ఆవిడ మొదట అడిగింది ఊరే.

వడలకి డబ్బివ్వబోతే చెయ్యి తోసేసింది. "తమ్ముడికి ఏమైనా చెప్పమంటారా మామ్మా? తిరిగి వెళ్ళాక నేనే వెళ్ళి చెబుతాను" అన్నాను. గొంతు కూడా వణికిందేమో నాకు. ఆవిడ నావైపు జాలిగా చూసి, కొంగు ముడిలోంచి కాదు, లుంగీ మడతలోంచి స్మార్టు ఫోను తీసింది.

"ఆదోరం ఆదోరం వైబర్లో మాటాడతాను గదా! ఇయ్యాలా ఆదోరమే. రాత్రికి మీ సంగతి నానే సెప్తాను."

మావారు పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వారు, నేనూ నవ్వాను. మా మధ్య బిగుసుకున్నది అక్కడ వదులైంది.

లేచేటప్పుడు మామ్మ అడిగింది. "మీ గుంటలకి తెలుగొచ్చునా?"

"అర్థమవుతుంది మామ్మా. మాట్లాడరు."

"మా మనవలూ అంతే" అంది. నిష్ఠూరం లేదు, ఓదార్పూ లేదు. మూకుడులో ఇంకో వాయ వేసింది.

పడవ మీద

సాయంత్రం పాన్‌సొడాన్ జెట్టీ నుంచి నది అవతల డలా ఊరికి వెళ్ళే ఫెర్రీ ఎక్కాం. సైకిళ్ళు, కోళ్ళ గంపలు, పిల్లల్ని ఎత్తుకున్న అమ్మలు. శీతాకాలం కాబట్టి సముద్రపు కొంగలు పడవ వెంట ఎగురుతున్నాయి, జనం వాటికి తిండి విసురుతున్నారు. ఈ పడవలు 2014లో జపాన్ ఇచ్చినవి. డెబ్భై ఏడేళ్ళ కిందట సరిగ్గా ఇదే తేదీన, ఇదే రేవు మీద బాంబులు వేసిన దేశమే జనం నది దాటడానికి పడవలిచ్చింది. నేను కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

సిగ్నలు దగ్గర కొన్న మల్లెపూల దండ విప్పాను. నది నడుమకి వచ్చాక పేరు చెప్పమన్నారు మావారు. నోరు తెరిచి ఆగిపోయాను. ఆయన పేరు నాకు తెలుసు, కాగితం మీద ఎన్నోసార్లు చదివాను. కానీ పైకి ఒక్కసారి కూడా పలకలేదు. మా ఇంట్లో ఎవరూ పలకలేదు. తాతమ్మ మొగుడి పేరు చెప్పదు, అమ్మమ్మ తండ్రిని 'మా అయ్య' అనేది, అమ్మకి 'రంగం తాత'. అలా ఆ పేరు ఎప్పుడు చివరగా ఎవరి నోటి వెంట వచ్చిందో! ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. ఊరి పేరు కూడా చెప్పాను. పక్కనున్న కోళ్ళ గంపావిడ ఏమీ అడగలేదు, గంప కొంచెం జరిపి చోటిచ్చింది.

రాత్రి అమ్మకి ఫోను చేసి అయిందని చెప్పాను. "సరే" అంది. కాసేపాగి, "పిల్లలు అన్నం తిన్నారు" అంది.

తర్వాత

మర్నాటి నుంచీ మామూలు టూరిస్టులమే. ష్వేడగాన్ పగోడా చూశాం, 1862లో ఇక్కడే ప్రవాసంలో కన్నుమూసిన ఆఖరి మొగలాయి బహదూర్ షా జఫర్ సమాధి చూశాం, స్కాట్ మార్కెట్టులో మావారి క్రెడిట్ కార్డు క్షేమం కూడా చెడింది. ఆ కబుర్లు ఇంకోసారి.

మామ్మ ఫోను నంబరు తీసుకున్నది మావారే. 2019 ఉగాదికి మా పిల్లల చేత వీడియో కాల్ చేయించాం. ఇంగ్లీషు రాని మనిషితో మాట్లాడాలంటే తెలుగే దిక్కు కదా. ముందు 'హలో', 'బాగున్నారా', అక్కడితో మాటలు అయిపోయేవి. తర్వాత తర్వాత కాసేపు సాగాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. మేము నిలబడి ఫోటోలు దిగిన సూలే కూడలి నిండా జనం, తర్వాత తుపాకులు. ఇంటర్నెట్ కట్ చేశారు. వారాల తరబడి మామ్మ పేరు పక్కన ఒక్క టిక్కే. కబురు లేకపోవడమంటే ఏమిటో, బొట్టు తియ్యని తాతమ్మ ఎలా బతికిందో అప్పుడు కొద్దిగా తెలిసింది. ఇది రాయలేకపోవడానికి కారణం అదే. ఒక రోజు వచ్చింది, "బాగున్నాం" అని ఒక్క మాట. మనవడి చేత ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించింది. 2025 మార్చి 28న మాండలే దగ్గర భూకంపం వచ్చినప్పుడు కూడా, "ఊగినాది. బాగున్నాం."

పోయిన నెల మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "ఏటమ్మా, ఈవాళ కూరేటి?" అంది. మావారు పొలమారేలా నవ్వారు. "ఇదెక్కడి తెలుగే?" అని అడిగితే, "రంగం మామ్మ తెలుగు" అంది. నేను సరిచెయ్యలేదు.

మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళిన వాళ్ళుంటే, వాళ్ళ పేరు ఈ ఆదివారం పిల్లల ముందు ఒకసారి పైకి చెప్పండి. మళ్ళీ సంచికలో ఇంకో ఊరి కబుర్లతో కలుద్దాం.

పిల్లలకో ఆట: మీరు ఏ వారం పుట్టారో అమ్మానాన్నల్ని అడగండి. బర్మాలో ఆదివారానికి గరుత్మంతుడు, సోమవారానికి పులి, మంగళవారానికి సింహం, బుధవారం పొద్దున్నకి దంతాలున్న ఏనుగు, బుధవారం మధ్యాహ్నానికి దంతాల్లేని ఏనుగు, గురువారానికి ఎలుక, శుక్రవారానికి గినీ పిగ్, శనివారానికి నాగుపాము. మీ జంతువు బొమ్మ వేసి పక్కన మీ తాతమ్మ పేరు రాయండి. తెలియకపోతే ఫోను చేసి కనుక్కోండి, అదే ఆట!

పెద్దలకో మాట: 2021 తర్వాత మియన్మార్‌లో పోరు సాగింది. అక్కడికి వెళ్ళవద్దని అమెరికా విదేశాంగ శాఖ హెచ్చరించింది. టిక్కెట్లు కొనే ముందు తాజా సూచనలు తప్పక చూసుకోండి. అంతదాకా విశాఖ వెళ్ళినప్పుడు బర్మా క్యాంపులో ఓ పూట గడపండి. అడిగితే అక్కడి పెద్దవాళ్ళ దగ్గర చాలా కబుర్లు ఉంటాయి.